కుడిపక్కకు రాకండి

ఇది రాయమని నన్ను అడిగింది దీప్తిగారు. అమలాపురంలో నాకు ఫిజియోథెరపీ చేసినావిడ. "మీలాంటివాళ్లు మళ్లీ వస్తారండి. నేను చెబితే ఓ పట్టాన నమ్మరు. మీరు రాసింది చదివితే కాస్త ధైర్యం వస్తుంది" అన్నారు. వాళ్ల కోసమనే మొదలుపెట్టాను గానీ, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతుంటే ముందు నాకే నిమ్మళంగా ఉంది. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా గడిచిపోయిన నెలలవి.

నా పేరు పద్మ. మాది బండారులంక. మావారు ఇంటి ముందుగదిలో చీరల కొట్టు నడుపుతారు. నేను అమలాపురంలో ఓ ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. పొద్దున్నే సర్వీసు ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వెళ్లడం, బడిలో పిల్లలు మీద మీద పడుతుంటే పాఠం చెప్పడం, సాయంత్రం కొట్లో ఎవరైనా ఉంటే నాలుగు చీరలు విప్పి చూపించడం. మనుషులు తగలని పూట ఉండేది కాదు. తగులుతున్నారన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

ఇంట్లో మా అత్తయ్యగారు కూడా ఉంటారు. ఆవిడ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ మగ్గానికి కండెలు చుట్టిన మనిషి. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. అప్పటినుంచీ పెరట్లోకి వెళ్లాలన్నా, వీధరుగు మీద కూర్చోవాలన్నా నా కుడిచెయ్యి పట్టుకునేవారు. మణికట్టుకి పైన, గాజులు దాటాక, నాలుగు వేళ్లూ వేసి గట్టిగా పట్టుకుంటారు. కొడుకు చెయ్యి పట్టుకుంటే మటుకు ఆవిడకు నడక కుదరదు. "వాడు లాక్కెళతాడమ్మా, నువ్వు తీసుకెళతావు" అనేవారు.

గత ఏడాది జూలైలో వానలు ఆగకుండా పడ్డాయి. పెరట్లో కుళాయి దగ్గర గచ్చు నాచుపట్టి ఉంది. బిందె ఎత్తబోతూ జారాను. కుడిచెయ్యి కింద ఆనించి పడ్డాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు నాకే వినపడింది.

అమలాపురంలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. గాజులు తీయడానికి రాకపోతే కత్తిరించారు. పిండికట్టు వేశారు. మోచెయ్యి దాకా తెల్లగా, బరువుగా. "నెలన్నర ఓపిక పట్టండమ్మా, మామూలైపోతుంది" అన్నారు డాక్టరుగారు. నేనూ అంతే అనుకున్నాను. చెయ్యి విరిగినవాళ్లు లోకంలో ఎంతమంది లేరు? అత్తయ్యగారు ఎడమచెయ్యికి మారారు. చెయ్యి మారినందుకు మొదట్లో గుమ్మాల దగ్గర తడబడ్డారు. తరవాత అలవాటు పడ్డారు.

కట్టు లోపల మంట మొదలైంది ఆగస్టు మధ్యలో. కట్టు బిగుతుగా ఉందేమో, వాన చెమ్మకేమో అనుకున్నాం. బియ్యం కడుగుతుంటే, పిల్లల పేపర్లు ఎడమచేత్తో దిద్దుతుంటే, ఆ కట్టు లోపల ఎవరో నిప్పుకణిక పెట్టి ఊదుతున్నట్టు ఉండేది. కట్టు తీస్తే పోతుందనుకున్నాను.

తీసిన రోజు బాగా గుర్తు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మావారి పక్కన కూర్చుని, ఇంటికి వెళుతూ గాజులు కొనుక్కోవాలని లెక్కలు వేసుకుంటున్నాను. కట్టు కోశాక బయటపడిన చెయ్యి నాది కాదేమో అనిపించింది. ఉబ్బి, ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. కాంపౌండరు దూదితో పొడి తుడవబోయాడు. దూది అండీ, దూది. అది తగలగానే నేను పెట్టిన కేకకు బయట బెంచీల మీదివాళ్లు లేచి నిలబడ్డారట.

డాక్టరుగారు ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూపించారు. "ఎముక చక్కగా అతుక్కుందమ్మా. ఇందులో నొప్పి రావాల్సిందేం లేదు. భయపడి కదపకపోతే ఇలాగే ఉంటుంది. వాడుకోండి, అదే సర్దుకుంటుంది." ఆయన మంచివారే. కట్టు బాగానే వేశారు. చూడాల్సింది ఆ ఫొటోలో లేదు, అంతే.

సెప్టెంబరు, అక్టోబరు నెలల గురించి రాయాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

ఫ్యాన్ గాలి తగిలితే మండేది. చీర కుచ్చిళ్లు తగిలినా, కుళాయి ధార తగిలినా అంతే. చెయ్యి ఒకపూట కుంపటిలా ఉండేది, ఒకపూట శవం చెయ్యిలా చల్లబడి నీలంగా అయ్యేది. చిత్రం ఏమిటంటే గట్టిగా నొక్కితే కొంత ఓర్చుకోగలిగేదాన్ని, మెల్లిగా రాసుకుంటే మాత్రం ప్రాణం పోయేది. ఇది ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు. "మెల్లిగానే ముట్టుకున్నానుగా" అనేవారు. మెల్లిగా ముట్టుకోవడమే అసలు బాధ.

నొప్పి అలా ఉంటే, దాని వెనకే భయం వచ్చింది. కొన్నాళ్లకి నొప్పి వెనకబడి భయం ముందు నడవడం మొదలెట్టింది. ఎవరైనా నా వైపు వస్తుంటే వాళ్ల మొహం చూసేదాన్ని కాదు, వాళ్ల చేతులు ఎక్కడున్నాయో చూసేదాన్ని. పళ్లెం పట్టుకున్నట్టు కుడిచెయ్యి ముందుకు పట్టుకుని, దాని మీద మావారి పాత పంచె ముక్క ఒకటి చేతికి తగలకుండా గుడారంలా వేసుకుని తిరిగేదాన్ని. ఆటో ఎక్కుతూనే "కుడిపక్కకు రాకండి, దయచేసి కుడిపక్కకు రాకండి" అనేదాన్ని. కొందరు నవ్వేవారు. కొందరు అంటురోగమేమోనని ఎడమపక్కకు కూడా వచ్చేవారు కాదు. రోజూ ఎక్కే ఆటో అతను మాత్రం ఏమీ అడక్కుండా కుడిచివర సీటు నాకు ఉంచి, ఆ వైపు కమ్మీకి గోనెపట్టా మడిచి కట్టాడు. "గతుకుల్లో కమ్మీకి తగలదండి" అన్నాడు. ఆ మాత్రం మాటకే కళ్లనీళ్లు వచ్చేవి ఆ రోజుల్లో.

బడిలో బోర్డు మీద ఎడమచేత్తో వంకర అక్షరాలు రాస్తే పిల్లలు మొదట నవ్వారు, తరవాత అలవాటు పడ్డారు. కానీ గంట కొట్టగానే వాళ్లంతా ఒక్కసారి గుమ్మంలోంచి తోసుకెళ్లే సమయానికి నేను బల్ల వెనక గోడకి కరుచుకుని నిలబడేదాన్ని. దసరా సెలవుల తరవాత ఇక వెళ్లలేకపోయాను. సెలవు పెట్టేశాను.

కొత్తపేటలో దగ్గరి బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షనుకి తప్పక వెళ్లాల్సివచ్చింది. వరసకు పిన్నిగారు ఒకావిడ, "ఏవిటే పద్మా, పుణ్యస్త్రీవి, ఈ బోసిచెయ్యేవిటే" అంటూ గబుక్కున మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ తప్పేం లేదు, ఆప్యాయంగానే పట్టుకున్నారు. నేను కూలబడిపోయాను. తేరుకునేసరికి చుట్టూ మూగినవాళ్లలో ఒకావిడ దిష్టి అంటోంది, ఒకావిడ నరఘోష అంటోంది. ఎవరో పక్కకి తిరిగి, "ఇంట్లో గుడ్డి ముసలావిడ ఉందిగా, చాకిరీ తప్పించుకోడానికేమో" అన్నారు. మెల్లిగానే అన్నారు. నాకు వినపడింది. మావారికీ వినపడింది. అదే పెద్ద చిక్కైంది.

అది జరిగిన వారంలోనే ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పెరటి గుమ్మంలో కూర్చుని ఉన్నాను. అత్తయ్యగారు గోడ పట్టుకుని వస్తున్నారు. నేనున్నది ఆవిడకు తెలుసు. గడప తగలగానే అలవాటున చెయ్యి చాపారు. ఎడమచెయ్యి అందివ్వాలన్న ఆలోచన నాకు వచ్చేలోపే ఆవిడ వేళ్లు నా కుడిచేతి మీద తడుముకున్నాయి. దారి వెతుక్కునే వేళ్లు కదా, మెల్లిగా రాసుకుంటూ వచ్చాయి. నేను అరిచి చెయ్యి విదిలించుకున్నాను. ఆవిడ పట్టు తప్పి గడప మీద కూలబడ్డారు. దెబ్బేం తగల్లేదు. కానీ అలా కూర్చుని, చాపిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, రెండోచేత్తో ఆ చేతిని కప్పుకున్నారు.

ఆ సాయంత్రం మావారు నా మీద గొంతెత్తారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అలా మాట్లాడిన మనిషి కాదు.

"అమ్మ చెయ్యి తగిలితే కాలిపోతావా పద్మా?"

"ఆయ్. కాలిపోతానండి" అన్నాను.

నేను ఉన్నమాటే చెప్పాను. ఆయనకు అది పొగరులా వినపడింది. కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే అత్తయ్యగారి మంచం కోడు దగ్గర్నుంచి, నడవలోంచి, పెరటి బాత్రూము దాకా గోడవెంబడి నైలాన్ తాడు కట్టి ఉంది. ఆవిడే కొడుకుని అడిగి కట్టించుకున్నారట. ఆ తాడు పట్టుకుని ఒక్కరే నడుస్తున్నారు. నేను ఎదురొస్తే నా అడుగుల చప్పుడు విని గోడకి ఒదిగి నిలబడి, నేను దాటాక కదిలేవారు. ఎవరూ నన్ను ముట్టుకోకూడదనే కదా నేను కోరుకున్నది. అది జరిగింది. ఇంట్లో నాకు ఎవరూ తగలడం లేదు. తిన్న అన్నం ఒంటికి పట్టడం లేదు.

ఈ జబ్బులో నన్ను ఎక్కువ కుంగదీసింది ఆ తాడే. నొప్పికి మాత్రలైనా ఉన్నాయి.

కార్తీకమాసంలో మా హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి, రాజమండ్రిలో నొప్పులకే ప్రత్యేకంగా చూసే డాక్టరున్నారని చెప్పారు. వాళ్ల బావగారికి నడుము నొప్పి తగ్గించారట. మావారు మాట్లాడకుండానే బస్సు టిక్కెట్లు తీశారు. దారి పొడుగునా ఆయన కిటికీ వైపు, నేను నా చెయ్యి వైపు చూసుకుంటూ కూర్చున్నాం.

ఆ డాక్టరుగారు నడివయసాయన. కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుని, చెయ్యి చాపబోయి ఆగారు.

"ముట్టుకోవచ్చా అండి?"

ఎముక విరిగిన దగ్గర్నుంచీ నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. తల అడ్డంగా ఊపాను. "సరే, అయితే చూస్తానంతే" అని, రెండు చేతులూ పక్కపక్కన బల్ల మీద పెట్టించి, లైటు వేసి చాలాసేపు చూశారు. కుడిచేతి గోళ్లు గీతలుపడి ఉండటం, వెంట్రుకలు ముదురుగా రావడం, ఆ చేతికే చెమట పట్టడం ఆయన చూపించేదాకా మేమూ గమనించలేదు. తరవాత ఓ పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పారు. ఎముక అతుక్కున్నా నరాలు శాంతించకపోవడమట. అరుదుగా వస్తుందట. ఎందుకు ఒకరికొచ్చి ఒకరికి రాదో పూర్తిగా తెలియదట.

మావారు గొంతు సవరించుకున్నారు. "అంటే డాక్టరుగారూ, ఈవిడ చెప్పేదంతా..."

"చెప్పేదంతా నిజమేనండి. ఇంకా తగ్గించే చెబుతున్నారేమో."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మావారు ముందు ఎక్కారు. ఎడమపక్క కిటికీ సీటు నాకు వదిలేసి, దారివైపు సీటులో తను కూర్చుంటూ, "కుడిపక్క నేనుంటాను, ఎవరొచ్చినా నాకే తగుల్తారు" అన్నారు. నిండు బస్సు. రావులపాలెం దాటేదాకా జనం ఆయన మీద పడుతూనే ఉన్నారు. ఆయన రెండు మోకాళ్లూ ముందు సీటుకి ఆనించి, కంచెలా బిగుసుకుని కూర్చున్నారు. క్షమించమని ఆయన అడగలేదు. ఆయన అడగాలని నాకూ అనిపించలేదు.

డిసెంబరులో మందులతో పాటు ఫిజియోథెరపీ మొదలైంది. అమలాపురంలో మేడమీద చిన్న క్లినిక్. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద వెన్నెముక బొమ్మ. మొదటి రోజు నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఖాళీ కుర్చీ ఉంది గానీ దానికి కుడిపక్క కూడా ఖాళీయే. ఎవరైనా వచ్చి కూర్చుంటే?

మామిడికుదురు నుంచి వచ్చినావిడ ఒకరు అది గమనించారు. పక్షవాతం వచ్చిన భర్తను రోజూ తీసుకొచ్చేవారు. నన్నేమీ అడగలేదు. తన సంచి తెచ్చి ఆ పక్క కుర్చీలో పెట్టేశారు. "ఇక్కడెవరూ కూచోరండి. సంచి నాదండి. మీరు నిమ్మళంగా కూచోండి." ఆ తరవాత నేను వెళ్లిన ప్రతిసారీ ఆవిడ ముందే వచ్చి ఉంటే ఆ సంచి అక్కడ ఉండేది. ఆవిడ పేరేమిటో నేను అడగలేదు, ఇప్పుడు అనుకుంటే బాధగా ఉంది.

దీప్తిగారు మా బడిలో టెన్త్ చదివే పిల్లంత సన్నగా ఉంటారు. గొంతు మాత్రం హెడ్మాస్టరు గొంతు. మొదటి వారం నా చెయ్యి ముట్టుకోలేదు. "మీరే ముట్టుకోవాలండి, ముందు. ఎడమచేత్తో. ఎంతసేపో, ఎక్కడో మీ ఇష్టం." నా చేతిని నేను ముట్టుకోవడానికి చెమటలు పట్టాయి. నవ్వొస్తుంది ఇప్పుడు. అప్పుడు రాలేదు.

తరవాత ఒకరోజు బల్ల మీద నిలువుటద్దం ఒకటి అడ్డంగా నిలబెట్టారు. కుడిచెయ్యి అద్దం వెనక పెట్టించారు. ఎడమచెయ్యి ముందు. ఎడమచేతి నీడ అద్దంలో పడి, అచ్చం కుడిచేతిలా కనిపిస్తుంది. వాపు లేకుండా, నునుపు మెరుపు లేకుండా, పూర్వం ఉండే నా కుడిచెయ్యి. దీప్తిగారు దూది తీసుకుని ఎడమచేతి మీద రాశారు. అద్దంలో ఆ దూది కుడిచేతి మీదికి వచ్చింది.

"అబ్బా!" అన్నాను.

ఆవిడ ఆగారు. "నేను ముట్టుకున్నది ఏ చెయ్యండి?"

"ఎడమదండి."

"నొప్పెట్టింది?"

అప్పటికి నాకు అర్థమైంది. అద్దం వెనక ఉన్న కుడిచెయ్యి మండుతోంది. దాని దరిదాపులకు ఎవరూ వెళ్లలేదు. నేను భయపడి ఆవిడ మొహంలోకి చూశాను. ఇదంతా నా పిచ్చేనని ఇప్పుడు తేలిపోతుందేమో అనుకున్నాను.

"అబద్ధపు నొప్పి కాదండి అది" అన్నారు దీప్తిగారు. "నిజమైన నొప్పే. మీ తలలో ఆ చేతికి కాపలా కాసేవాడొకడు ఉన్నాడు. ఎముక విరిగిన రోజున బాగా బెదిరిపోయేడు. అప్పట్నుంచీ ఎవరొస్తున్నా దొంగే అనుకుని గంట కొట్టేస్తున్నాడు. వాడిని తిట్టి లాభం లేదు. మనుషుల్ని ఒక్కొక్కళ్లనీ తీసుకెళ్లి పరిచయం చెయ్యాలి."

ఇంటికి వచ్చి ఆ అద్దం సంగతి మావారికి చెబుతున్నాను. కొట్లో చీరలు మడతపెడుతూ వింటున్నారు. పక్కగదిలో మంచం మీద అత్తయ్యగారు వింటున్నారని నాకు తెలియదు. తాడు కదిలిన చప్పుడైంది. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఓ మాటడుగుతాను, దాచకుండా చెప్పు."

"అడగండి అత్తయ్యగారూ."

"నా చెయ్యంటే నీకు రోతా?"

మావారి చేతిలో చీర అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆవిడ మోస్తున్నది ఆ ప్రశ్నేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. నా నొప్పిలోనే నేను ఉండిపోయి, ఆవిడకు అది ఎలా తెలుస్తుందన్నది ఆలోచించలేదు. ఆవిడకు నా చేతి వాపు కనపడదు, రంగు కనపడదు. తెలిసిందల్లా పట్టుకోబోతే విదిలించుకుందన్నదే.

"రోత కాదండీ. ఎవరి చెయ్యైనా అంతేనండి. మీ అబ్బాయిగారిదైనా అంతే. నా ఎడమచెయ్యి తగిలినా అంతే. ఇవాళ అయితే ఎవరూ ముట్టుకోకుండానే మండిందండి."

"అయితే అది నా మీద కోపం కాదన్నమాట."

"కాదండి."

"నాతో ముందే చెప్పొచ్చుగా."

"మీరు అడగలేదు కదండీ."

"నువ్వు చెప్పలేదని నేను అడగలేదు." ఇలా అని, ఆవిడే నవ్వేశారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎంతకాలమైందో.

ఇంటి దగ్గర రోజూ రెండుపూటలా ఎవరో ఒకరు నా చేతికి రకరకాల గుడ్డలు తాకించాలని దీప్తిగారు చెప్పారు. దూది, పట్టు ముక్క, నేత చీర అంచు, తువ్వాలు, చివరికి కొబ్బరిపీచు. మొదట మావారు కూర్చున్నారు. నా మొహం కాస్త ముడుచుకోగానే ఆయన చెయ్యి వణికేది, పట్టు తేలిపోయేది. తేలికగా తగిలేకొద్దీ నాకు ఎక్కువ మండేది. రెండు మూడు రోజులకి ఇద్దరం ఏడుపు మొహాలు పెట్టుకున్నాం.

"నువ్వు లేరా" అన్నారు అత్తయ్యగారు. "నువ్వు దాని మొహం చూసి బెదిరిపోతున్నావు. నాకా బాధ లేదుగా."

ఆ రోజు నుంచీ ఆవిడే చేశారు. మంచం మీద ఆవిడ ఇటు, నేను అటు. మధ్యలో దిండు మీద నా చెయ్యి. ఆవిడ పెట్టుకున్న పద్ధతి ఒకటే. ముట్టుకునే ముందు ప్రతిసారీ "వస్తున్నా" అనేవారు. నేను "రండి" అంటేనే గుడ్డ చేతికి తగిలేది. "చాలు" అంటే చప్పున తీసేసేవారు. ఇంకొక్కసారి ఓర్చుకోమని గాని, అప్పుడేనా అని గాని ఒక్కనాడూ అనలేదు. ఎన్నో ఏళ్లు నూలు తెగకుండా లాగిన వేళ్లు కదా, ఎంత బలంగా ఆనాలో ఒకేతీరుగా ఆనేవి. ఆవిడ కళ్లు ఎటో చూస్తుండేవి. నా మొహం ఎలా ఉన్నా ఆవిడకు పట్టదు గనక నేను మొహం దాచుకోనక్కర్లేకపోయింది. కన్నీళ్లు కారితే కారనిచ్చేదాన్ని.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లు ఇది చదువుతుంటే, వాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. ముట్టుకునే ముందు ఒక్క మాట చెప్పండి. వద్దంటే ఆగండి. ఆగుతారని తెలిస్తే ఆ మనిషి రేపు ఇంకాస్త సేపు ఉండనిస్తుంది. ఇక జబ్బు పడ్డవాళ్లకి నా మాట: చెయ్యి దాచుకోకండి. పంచె ముక్క కింద దాచుకుని నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను. అన్నీ బాగున్నాయి అని ఒక డాక్టరు అన్నా మీకు బాగోలేకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నాకొచ్చిన గుణం ఎండాకాలం ఎండలా రోజురోజుకీ పెరుగుతూ వచ్చిందనుకోకండి. జనవరి చలికి మళ్లీ మొదటికొచ్చింది. చెయ్యి నీలంగా బిగుసుకుపోయి, దూది కూడా వద్దనిపించింది. అద్దం ముందు కూర్చోనని దీప్తిగారి మీద విసుక్కున్నాను. ఆవిడ కోప్పడలేదు. "సరే, ఇవాళ అద్దం వద్దు. కబుర్లు చెప్పుకుందాం" అని, కబుర్ల మధ్యలో నా చేత కుడిచేత్తోనే పళ్లెంలో బియ్యం కలిపించారు. ఇంట్లో అత్తయ్యగారు "వస్తున్నా" అనేవారు, నేను "వద్దండి" అనేదాన్ని, "సరే" అని దూది పక్కన పెట్టి అలాగే కూర్చునేవారు. ఓ వారం అంతే జరిగింది. మంచం మీద ఎదురెదురుగా ఊరికే కూర్చోవడం. ఆవిడ తన చిన్నప్పటి సంగతులు చెప్పేవారు. తరవాత ఒకరోజు "వద్దండి" అనడం మర్చిపోయాను.

ఫిబ్రవరి చివర్లో కొబ్బరిపీచు ఓర్చుకోగలిగాను. మార్చిలో బడికి వెళ్లాను. పరీక్షల రోజులు, పిల్లలు వాళ్ల గొడవలో వాళ్లుండి నన్ను పట్టించుకోలేదు. అది కూడా మేలే అయింది. చాక్‌పీసు కుడిచేత్తో పట్టుకుని తేదీ రాశాను. వేళ్లు సలిపాయి గానీ అక్షరాలు పడ్డాయి. ఆటోలో గోనెపట్టా ఇంకా అలాగే ఉంది. "తీసేయొచ్చునండి" అంటే, "ఉండనివ్వండి, అందరికీ మెత్తగానే ఉంది" అన్నాడు.

నైలాన్ తాడు విప్పేద్దామని నేనే కత్తెర పట్టుకెళ్లాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఎందుకూ? బాత్రూముకి వెళ్లాలంటే ఇదివరకు నిన్ను పిలవాల్సొచ్చేది. ఇప్పుడు నా అంతట నేనే వెళ్లొస్తున్నాను. ఉండనీ." నేను బాధతో చూసిన ఆ తాడు ఆవిడకు సుఖంగా ఉంది. నేను కత్తెర సొరుగులో పెట్టేశాను.

బయటికి వెళ్లినప్పుడు మాత్రం ఆవిడ నా ఎడమచెయ్యే పట్టుకునేవారు. కుడిచెయ్యి విషయం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. మంచం మీద "వస్తున్నా" అంటూ ముట్టుకోవడం వేరు, రోడ్డు మీద అడుగు తడబడినప్పుడు గభాలున పట్టుకోవడం వేరు. దానికి నేను ఇంకా సిద్ధంగా లేనని ఇద్దరికీ తెలుసు.

మొన్న మే నెలలో నరసాపురంలో అత్తయ్యగారి చెల్లెలి మనవరాలి పెళ్లికి వెళ్లాం. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటాలి. పెళ్లిళ్ల రోజులు, రేవంతా జనం. మావారు మోటారుసైకిలు తోసుకుంటూ ముందు ఎక్కేశారు. వెనక నేనూ అత్తయ్యగారూ. గట్టు నుంచి పంటు మీదికి వేసిన ఇనపరేకు నీటి ఊపుకి పైకీ కిందికీ ఆడుతోంది. వెనకనుంచి బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. నా ఎడమచేతిలో పెళ్లికూతురికి పెట్టే చీర, స్వీట్ల డబ్బా ఉన్న సంచి. "ఇక్కడ ఎత్తుగా ఉందండి, పెద్ద అడుగు వెయ్యండి" అన్నాను. ఆవిడ వేశారు. ఎక్కేశాం. రేలింగు పక్కన ఓ మూల జాగా దొరికితే ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనే కూలబడ్డాను.

పంటు కదిలింది. గాలి బాగా వీస్తోంది. ఎదురుగా నరసాపురం గట్టు మీది ఇళ్లు కనపడుతున్నాయి. మొహానికి అడ్డంపడ్డ వెంట్రుకలు తోసుకుందామని చెయ్యి ఎత్తితే, మణికట్టుకి పైన నాలుగు వేళ్ల ముద్రలు ఎర్రగా కనిపించాయి. కుడిచెయ్యి. కాస్త సలుపుతోంది. మంట లేదు. నేను ఆ ముద్రలు అలాగే చూస్తూ ఉండిపోయాను.

"అత్తయ్యగారూ" అన్నాను. "ఇందాక ఎక్కేటప్పుడు మీరు పట్టుకున్నది కుడిచెయ్యండి."

"ఆయ్. తెలుసు" అన్నారావిడ, మొహం గాలికి పెట్టి.

"తెలిసే పట్టుకున్నారా?"

"నేనెక్కడ పట్టుకున్నానమ్మా? నేను గట్టు మీద ఊరికే నించున్నాను. నువ్వే ఇచ్చేవు."